యుద్ధనౌకల నిర్మాణము – చిన్న కర్మాగారముల పాత్ర

గ్రామములో పాఠశాలకు ఒక గది కట్టవలసి వచ్చినపుడు పంచాయతీ ఏమి చేయునో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ముందు తీర్మానము, పిదప ఎస్టిమేటు, దానిపై సాంకేతిక మంజూరు, ఆ వెనుక టెండరు, ధరావతు, పని అప్పగింత, కొలతల పుస్తకము, బిల్లు – ఈ మెట్లన్నియు దాటిన పిమ్మటగాని కంట్రాక్టరు చేతికి పైకము రాదు. కట్టునది చిన్న గది. ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుప కమ్మి దగ్గరి పట్టణములోనే దొరకును. ఐనను పని అనుకొన్న గడువునకు ముగియుట అరుదు. ఒకప్పుడు ఇసుక అందదు. ఒకప్పుడు నిధులు రావు. ఒకప్పుడు అతి తక్కువ ధరకు పని పట్టిన వ్యక్తి నడుమనే విడిచి పోవును.

ఈ పనినే కొన్ని వేల రెట్లు పెంచి ఊహించినచో యుద్ధనౌకను నిర్మించుట యనగా నెట్టిదో కొంతవరకు బోధపడును. అందులోను టెండరులు, ధరావతులు, తనిఖీలు, బిల్లులు కలవు. భేదమేమనగా, అక్కడ కావలసిన వస్తువులు వేల రకములు. వానిలో కొన్ని ఏ అంగడిలోను దొరకవు. ఒక్క వస్తువు ఆలస్యమైనను నౌక యంతయు నిలిచిపోవును.

ఇది సముద్రతీర నగరములకును నౌకాదళమునకును సంబంధించిన విషయము కదా, గ్రామ పంచాయతీలకు దీనితో పని యేమి యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. దీనికి రెండు సమాధానములు కలవు. మొదటిది, ఈ నౌకలకు వెచ్చించు ప్రతి రూపాయయు ప్రజల పన్నుల నుండి వచ్చినదే. రెండవది, నౌకకు కావలసిన వాల్వులు, గొట్టములు, మరలు, తీగలు, పలకలు తయారు చేయుచున్న వారిలో పెక్కుమంది చిన్న కర్మాగారముల యజమానులు. ఆ కర్మాగారములలో లేతు యంత్రముల ముందు నిలిచి పనిచేయుచున్న యువకులు అనేకులు మన గ్రామముల నుండి వెళ్లినవారే.

ఒక నౌకలో ఎన్ని వస్తువులు?

కేరళ రాష్ట్రములోని కొచ్చి నౌకానిర్మాణశాలలో తయారైన 'విక్రాంత్' అను విమానవాహక నౌకను ఉదాహరణగా గైకొందము. భారతదేశములో నిర్మింపబడిన మొదటి విమానవాహక నౌక ఇదియే. దీని పొడవు 262 మీటరులు. వెడల్పు 62 మీటరులు. లోపల రమారమి 2,300 గదులును విభాగములును కలవు. సుమారు 1,600 మంది ఇందులో నివసించి పనిచేయుదురు. దీని నిర్మాణములో 2,500 కిలోమీటరుల పొడవైన విద్యుత్ తీగలు, 150 కిలోమీటరుల గొట్టములు, 2,000 వాల్వులు వినియోగింపబడినవి. ఆ తీగ నంతయు ఒకే వరుసలో పరచినచో విశాఖపట్టణము నుండి ఢిల్లీకి పోయినను ఇంకను మిగిలిపోవును.

ఈ వస్తువులన్నింటిని కొచ్చి నౌకాశాల తానుగా తయారు చేయలేదు, చేయనక్కరయు లేదు. భవనమును కట్టు మేస్త్రీ ఇటుకలు తాను కాల్చుకొనడు కదా! నౌకాశాల చేయునది ముఖ్యముగా ఉక్కు పలకలను కోసి, వంచి, అతికి, అన్ని యంత్రములను తగిన చోట అమర్చి, వానిని కలిపి పనిచేయించుట. తక్కినదంతయు వెలుపలి నుండి రావలెను. విక్రాంత్ పనిలో సుమారు 550 దేశీయ సంస్థలు పాల్గొన్నవి. వానిలో దాదాపు నూరు చిన్న, మధ్య తరహా పరిశ్రమలు. నౌకాశాలలో నేరుగా 2,000 మందికి పని లభింపగా, సామగ్రి సమకూర్చు పరిశ్రమలలో ఇంచుమించు 12,000 మందికి పని లభించినది. అనగా నౌకాశాల గోడల లోపల పనిచేసిన ఒక్కొక్కరికి వెలుపల ఆరుగురు పనిచేసినారన్నమాట.

తేలుట, కదలుట, పోరుట

నౌకాదళమువారు నౌకలోని సామగ్రిని మూడు తెగలుగా విభజింతురు. నౌక తేలుటకు కావలసినవి మొదటి తెగ – ఉక్కు, తలుపులు, గొట్టములు, లంగరు మొదలగునవి. నౌక కదలుటకు కావలసినవి రెండవ తెగ – ఇంజనులు, గేరుపెట్టెలు, ఇరుసులు, విద్యుదుత్పాదక యంత్రములు. నౌక పోరాడుటకు కావలసినవి మూడవ తెగ – ఫిరంగులు, క్షిపణులు, రాడారులు, నీటి అడుగున శత్రువును కనిపెట్టు సోనారులు.

మొదటి తెగలో మన దేశము చాలవరకు స్వయంసమృద్ధి సాధించినది. రెండవ తెగలో పెద్ద ఇంజనులకు ఇప్పటికిని పరదేశముల వంక చూడవలసి వచ్చుచున్నది. మూడవ తెగలో పురోగతి కలిగినను, చేయవలసినది ఇంకను మిక్కిలిగ నున్నది. విక్రాంత్‌లో దేశీయ భాగము 76 శాతము. మిగిలిన 24 శాతము విదేశముల నుండి తెచ్చినది. ఆ 24 శాతములోనే నౌకను నడపు నాలుగు గ్యాస్ టర్బైను ఇంజనుల వంటి కీలక భాగములు కలవని మరువరాదు. ఆ టర్బైనులు అమెరికా దేశపు నమూనావి.

పరాధీనత వలన కలుగు చిక్కు ఎట్టిదో ఇటీవలి సంఘటన యొకటి చాటుచున్నది. మన నౌకాదళపు నౌకలు కొన్ని ఉక్రెయిన్ దేశపు మికలాయివ్ నగరములో తయారగు టర్బైనులతో నడచుచున్నవి. 2014లో రష్యా, ఉక్రెయిన్ దేశముల మధ్య వైరమేర్పడినపుడు ఉక్రెయిన్ రష్యాకు ఇంజనులు పంపుట మానివేసినది. రష్యాలోని కాలినిన్‌గ్రాడ్ రేవులో సగము కట్టిన నౌకలు ఇంజనులు లేక నిలిచిపోయినవి. ఆ నౌకలలో రెండింటిని మన దేశము 2018లో కొనుటకు ఒప్పుకొని, ఇంజనులను తానే ఉక్రెయిన్ నుండి కొని రష్యాకు అందజేయవలసి వచ్చినది. 2022లో ఆ రెండు దేశముల మధ్య పూర్తి యుద్ధమే చెలరేగినది. తుదకు ఆ నౌకలలో 'తుషిల్' 2024 డిసెంబరు 9న, 'తమాల్' 2025 జూలై 1న మన నౌకాదళములో చేరినవి. వస్తువును అమ్మువాడొకడు, నౌకను కట్టువాడొకడు, వారిద్దరును పరస్పరము శత్రువులు, కొనువారము మనము! ఇట్టి స్థితి ఏ దేశమునకును క్షేమకరము కాదు.

ఉక్కు కథ

విక్రాంత్‌కు సంబంధించి తెలుగువారు ప్రత్యేకముగ తెలిసికొనదగిన అంశము దాని ఉక్కు. యుద్ధనౌకకు సామాన్యమైన ఉక్కు పనికిరాదు. బాంబు ప్రేలుడునకు పగులరాదు. ఉప్పునీటికి త్వరగా చెడరాదు. సులభముగా అతుకుటకు వీలుగ నుండవలెను. అట్టి ఉక్కును మొదట రష్యా నుండి తెప్పింపవలెనని నిర్ణయించిరి. 2005లో పలకలు కోయుట ప్రారంభమైనది. కాని రావలసిన ఉక్కు సకాలమున రాలేదు. పని మందగించినది.

అప్పుడు హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు, నౌకాదళ నిపుణులు, భారత ఉక్కు ప్రాధికార సంస్థవారు కలసి కృషిచేసి అట్టి ఉక్కును స్వదేశములోనే తయారు చేసిరి. దానికి 'డి.ఎం.ఆర్. 249' అని పేరు. అందు నౌక కాయమునకు ఒక రకము, విమానములు దిగు పైతలమునకు మరియొక రకము కలవు. భిలాయి, బొకారో, రూర్కెలా ఉక్కు కర్మాగారముల నుండి సుమారు 30,000 టన్నులు విక్రాంత్‌కు సరఫరా అయినవి. ఉక్కు సిద్ధమైనంత మాత్రమున పని ముగియలేదు. దానిని అతుకుటకు తగిన వెల్డింగు కడ్డీలను గూడ క్రొత్తగా రూపొందింపవలసి వచ్చినది. నేడు మన నౌకాశాలలలో కట్టు యుద్ధనౌకలకు ఈ దేశీయపు ఉక్కునే వాడుచున్నారు.

ఉక్కు సమస్య తీరినను ఇతర ఆటంకములు తప్పలేదు. గేరుపెట్టెలు ఆలస్యమైనవి. విద్యుదుత్పాదక యంత్రములు కొన్ని రవాణాలో రోడ్డు ప్రమాదమునకు గురియైనవి. 2009 ఫిబ్రవరి 28న అడుగుదూలము వేయబడిన నౌక, 2013 ఆగస్టు 12న నీటిలోనికి దింపబడి, 2022 సెప్టెంబరు 2న నౌకాదళములో చేరినది. 2002లో మంజూరైన మొత్తము 3,261 కోట్ల రూపాయలు. 2014 నాటికి సవరించిన మొత్తము 19,341 కోట్లు. గడువు పెరిగినకొలది ఖర్చును పెరుగునని పంచాయతీ సభ్యులకు స్వానుభవమే. ఇక్కడ ఆ పెరుగుదల ఆరు రెట్లకు దాదాపుగా చేరినది.

కొనుగోలు జరుగు విధము

రక్షణశాఖ కొనుగోళ్లకు లిఖితమైన విధానము 2002 నుండి అమలులోనికి వచ్చినది. ఇప్పటి వరకు పలుమారులు సవరింపబడి, 2020 అక్టోబరు 1 నుండి 'రక్షణ ఆర్జన విధానము' అను పేర నడచినది. దీని ముఖ్యమైన మెట్లు ఇవి:

మొదట నౌకాదళము తనకు ఏమి కావలెనో, దాని గుణములెట్టివో వ్రాసి యిచ్చును. రక్షణ మంత్రి అధ్యక్షతన గల ఆర్జన మండలి ఆ అవసరమును అంగీకరించును. పిదప తయారీదారుల నుండి ప్రతిపాదనలు కోరబడును. వచ్చిన ప్రతిపాదనలలో సాంకేతికముగా యోగ్యమైనవానిని వేరుచేసి, అవసరమైనచో వస్తువులను పరీక్షించి, ఆ వెనుక ధరల కవరులు విప్పుదురు. యోగ్యులలో తక్కువ ధర చెప్పినవారితో సంప్రతింపులు జరుగును. ఖర్చు మిక్కిలి పెద్దదైనచో కేంద్ర మంత్రివర్గపు భద్రతా సంఘము ఆమోదింపవలెను. అటుపిమ్మటనే ఒప్పందముపై సంతకములు.

ఇది నౌకాశాలకును ప్రభుత్వమునకును నడుమ జరుగు వ్యవహారము. నౌకాశాల మరల తనకు కావలసిన ఒక్కొక్క వస్తువునకు వేరుగ టెండరులు పిలుచును. పెద్ద సంస్థకు ఆర్డరు వచ్చినచో అది తన భాగములను చిన్న కర్మాగారములకు పంచిపెట్టును. ఈ విధముగ ఆర్డరు పైనుండి క్రిందికి మెట్టు మెట్టుగా దిగి వచ్చును. పైకమును అట్లే మెట్టు మెట్టుగా దిగి వచ్చును. కాని ఆర్డరు దిగినంత వేగముగ దిగదు.

ఇన్ని నిబంధనలేల, త్వరగా కొనరాదా యని తోచవచ్చును. నిబంధనలు ఊరకనే పుట్టలేదు. ఖర్చగునది ప్రజల ధనము. నాసిరకపు వాల్వు ఒకటి నడిసముద్రములో పగిలినచో నౌకలోని వందలకొలది నావికుల ప్రాణములకే ముప్పు. కావున తనిఖీ అవసరమే. చిక్కెక్కడ అనగా, తనిఖీకి పట్టు కాలమును, దాని ఖర్చును ఎవరు భరింపవలెను అనుచోట.

చిన్న కర్మాగారమునకు కలుగు చిక్కులు

మొదటి చిక్కు, పరిమాణము. మోటారు బండ్ల కంపెనీకి భాగములు అమ్మువాడు ఒకే అచ్చుతో లక్ష ముక్కలు పోయును. నౌకకు కావలసినవి ఇరువదియో నలువదియో. ఆ కొద్ది ముక్కలకే అచ్చు, నమూనా, పరికరములు, పరీక్షలు అన్నియు కావలెను. మరల ఆర్డరు ఎప్పుడు వచ్చునో తెలియదు. మూడేండ్లకు రావచ్చును, పదేండ్లకు రావచ్చును.

రెండవది, పరీక్షలు. నౌకా సామగ్రి ఉప్పు తుంపరకు, అదురునకు, ప్రేలుడు తాకిడికి నిలువవలెను. ఈ పరీక్షలు చేయగల ప్రయోగశాలలు దేశములో కొద్ది. అక్కడ వంతు వచ్చువరకు సరకు గోదాములో ఉండవలసినదే.

మూడవది, పెట్టుబడి. దీనిని లెక్కతో చూతము. ఒక కర్మాగారమునకు 20 లక్షల రూపాయల ఆర్డరు వచ్చినదనుకొందము. లోహమునకు, కూలికి, పరీక్షలకు కలిపి 18 లక్షల 50 వేలు ఖర్చగుననియు, మిగులు లాభము లక్ష 50 వేలనియు అనుకొందము. ఖర్చులో 15 లక్షలు బ్యాంకు నుండి నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీకి తెచ్చినాడు. బిల్లు సొమ్ము ఆరు నెలలు ఆలస్యమైనచో వడ్డీ 90 వేలు. పది నెలలు ఆలస్యమైనచో వడ్డీ సరిగా లక్ష 50 వేలు. అనగా లాభము పూర్తిగ హరించినది. పదునొకండవ నెల నుండి అతడు దేశరక్షణకు తన చేతి సొమ్ము పెట్టుచున్నాడు. ఇది చాలక ఒప్పందము నెరవేర్చుటకు హామీగా బ్యాంకులో కొంత సొమ్ము కట్టుపడియుండును. సరకు గడువు దాటినచో అతడు జరిమానా చెల్లించవలెను.

నాలుగవది, నమూనాల మార్పు. నౌక కట్టుటకు ఏండ్లు పట్టును. ఈలోగా క్రొత్త రాడారు వచ్చును, క్రొత్త క్షిపణి వచ్చును. వానిని అమర్చుటకై గదుల ఏర్పాటు మార్చవలెను; తీగల దారి మార్చవలెను. నిన్న తయారు చేసిన భాగము నేడు పనికిరాకపోవచ్చును.

ఐదవది, ఆర్డరుల నడుమ ఎడము. అన్నిటిలోను ఇది మిక్కిలి హానికరము. దీనికి బొంబాయి అనుభవమే సాక్ష్యము. జర్మనీ నమూనాతో రెండు జలాంతర్గాములను ముంబయిలోని మజగాఁవ్ నౌకాశాలవారు కట్టి 1992లోను 1994లోను నౌకాదళమునకు అందజేసిరి. జలాంతర్గామి అతుకు పని మిక్కిలి సున్నితమైనది. ఆ పనిలో అక్కడి కార్మికులు ఎంతో శ్రమకోర్చి ఆరితేరిరి. కాని తరువాతి ఆర్డరు రాలేదు. క్రొత్త ఒప్పందము 2005లోగాని కుదరలేదు. దాని ఫలితమైన మొదటి జలాంతర్గామి 'కల్వరి' 2017 డిసెంబరులోగాని నౌకాదళములో చేరలేదు. ఈలోగా నేర్చిన చేతులు చెదరిపోయినవి. విద్యను మరల మొదటి నుండి నేర్పవలసి వచ్చినది. ఏడాది విత్తనము వేయక వదలిన పొలమును మరుసటి ఏడు దున్నవచ్చును. నేర్పరియైన పనివాడు ఒకసారి వేరు పనికి పోయినచో తిరిగి రాడు.

విశాఖపట్టణపు అనుభవము

మన రాష్ట్రమునకు నౌకా నిర్మాణములో ప్రత్యేక స్థానము కలదు. విశాఖపట్టణములోని నౌకాశాలకు వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ పూనికతో 1941లో శంకుస్థాపన జరిగినది. స్వతంత్ర భారతములో తయారైన మొదటి పెద్ద ఆవిరి ఓడ 'జల ఉష'ను 1948 మార్చి 14న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారు ఇచటనే జలప్రవేశము గావించిరి. 1952లో ఇది హిందూస్థాన్ నౌకాశాలగా ఏర్పడి క్రమముగ ప్రభుత్వపరమై, 2010లో రక్షణశాఖ క్రిందికి వచ్చినది.

ఈ నౌకాశాల కష్టములను చవిచూచినది. 'సింధుకీర్తి' అను జలాంతర్గామి మరమ్మతునకై 2006లో ఇచటికి వచ్చి, 2015లోగాని తిరిగి పోలేదు. మూడేండ్లలో ముగియవలసిన పనికి దాదాపు తొమ్మిదేండ్లు పట్టినది. పని క్రొత్తదగుట, విదేశముల నుండి విడిభాగములు రావలసియుండుట ఇందులకు కారణములు. ఆ అనుభవము వ్యర్థము కాలేదు. 2018లో ఒప్పందము కుదిరిన 'నిస్తార్' అను నౌక ఇచటనే తయారై 2025 జూలై 18న విశాఖపట్టణములో నౌకాదళమున చేరినది. సముద్రగర్భములో చిక్కిన జలాంతర్గాముల నావికులను రక్షించుటకు తోడ్పడు నౌక ఇది. 118 మీటరుల పొడవుగల దీనిలో దేశీయ భాగము సుమారు 80 శాతము; 120 చిన్న, మధ్య తరహా పరిశ్రమలు ఇందు పాలుపంచుకొన్నవి. అదే పేరుగల పాత నౌక 1971 యుద్ధములో విశాఖ తీరమున మునిగిన పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' శిథిలములను శోధించుటలో పాల్గొన్నది. 2023 ఆగస్టులో ఈ నౌకాశాలకు సుమారు 19,000 కోట్ల రూపాయల విలువగల అయిదు సహాయక నౌకల ఒప్పందము లభించినది. ఇట్టి ఆర్డరు ఏండ్ల తరబడి పని కల్పించును గనుక, ఇంతకుముందు చెప్పిన ఎడము బాధ కొంత తగ్గును.

నౌకాశాల ఒక్కటియే కాదు. విశాఖపట్టణములోని నౌకా విజ్ఞాన పరిశోధనశాల నీటి అడుగు ఆయుధములను రూపొందించుచుండగా, భారత్ డైనమిక్స్ సంస్థ 'వరుణాస్త్ర' టార్పిడోలను తయారు చేయుచున్నది. హైదరాబాదులోని మిశ్రధాతు నిగమము ప్రత్యేక లోహములను అందించుచున్నది. మచిలీపట్నములో 1926లో నెలకొనిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో కలసి, నేడు రాత్రివేళ చూచుటకు తోడ్పడు సాధనములను తయారు చేయుచున్నది. హైదరాబాదు బాలానగరము, చర్లపల్లి మొదలగు పారిశ్రామికవాడల చిన్న కర్మాగారములు రక్షణ సంస్థలకు భాగములను చేసి యిచ్చుచున్నవి.

చేపట్టబడిన చర్యలు

ఈ చిక్కులను తొలగించుటకు కొన్ని చర్యలు తీసికొనబడినవి. వస్తువు దేశములో తయారగుచున్నచో విదేశముల నుండి తెప్పింపరాదని 2020 ఆగస్టు నుండి జాబితాలు ప్రకటింపబడుచున్నవి. మొదటి జాబితాలో 101 వస్తువులు కలవు. విదేశముల నుండి వచ్చుచున్న ఏ భాగములను ఇచట చేయవచ్చునో తయారీదారులు చూచుకొనుటకు 'సృజన్' అను పోర్టలు అదే ఏడాది ప్రారంభమైనది. క్రొత్త పరికరము కనిపెట్టు చిన్న సంస్థలకు 'ఐడెక్స్' పథకము క్రింద 2018 నుండి గ్రాంటులు ఇవ్వబడుచున్నవి. పరీక్షాలయముల నిర్మాణమునకు 2020లో 400 కోట్ల రూపాయల పథకము ప్రవేశపెట్టబడినది. 2025 నవంబరు నుండి అమలులోనికి వచ్చిన రక్షణ కొనుగోళ్ల నియమావళి, వస్తువును అభివృద్ధి చేయు దశలో ఆలస్యమునకు జరిమానా ఉండరాదని నిర్ణయించినది. అయిదేండ్ల వరకు ఆర్డరులకు హామీ యిచ్చు వీలును కల్పించినది.

చిన్న పరిశ్రమలకు చట్టరీత్యా కొన్ని హక్కులు కలవు. కేంద్ర ప్రభుత్వ శాఖలును ప్రభుత్వ రంగ సంస్థలును తమ కొనుగోళ్లలో 25 శాతము సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి జరుపవలెను. అందు 4 శాతము షెడ్యూల్డు కులములు, తెగలవారి పరిశ్రమల నుండి, 3 శాతము స్త్రీల పరిశ్రమల నుండి కొనవలెను. టెండరు ధరావతు నుండి వీరికి మినహాయింపు కలదు. 2006 నాటి చట్టము ననుసరించి, సరకు అందుకొన్నవారు ఒప్పందము ఎట్లున్నను 45 దినములకు మించక పైకము చెల్లింపవలెను. చెల్లింపనిచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వవలెను. వివాదము వచ్చినచో రాష్ట్ర స్థాయి ఫెసిలిటేషను కౌన్సిలునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

ఈ హక్కు కాగితముపై నున్నంత బలముగ ఆచరణలో నున్నదని చెప్పజాలము. తరువాతి ఆర్డరు పోవునేమో యను భయమున పెక్కుమంది చిన్న యజమానులు పైవానిపై ఫిర్యాదు చేయుటకు జంకుదురు. మరికొందరు తమ పరిశ్రమను రిజిస్టరు చేయించుకొననందున చట్టపు రక్షణకే దూరమగుచున్నారు.

పంచాయతీలు చేయదగిన పనులు

ఈ చివరి విషయములో గ్రామ పంచాయతీలు ప్రయోజనకరమగు సహాయము చేయగలవు.

గ్రామ పరిధిలో లేతు, వెల్డింగు, పోతపని, విద్యుత్ మోటారుల పని చేయు షెడ్డులు ఎన్ని గలవో లెక్క తీసి, వాని యజమానులు 'ఉద్యం' రిజిస్ట్రేషను పొందినదీ లేనిదీ కనుగొనవలెను. ఈ రిజిస్ట్రేషనునకు రుసుము లేదు. ఆధారు సంఖ్యతో చేసికొనవచ్చును. దీనికై డబ్బు అడుగు దళారులను నమ్మవలదని గ్రామసభలో చెప్పవలెను.

సరకు అందజేసిన తేదీకి, కొన్నవారు అంగీకరించిన తేదీకి వ్రాతపూర్వకమైన ఆధారము ఉంచుకొనుమని చిన్న యజమానులకు బోధింపవలెను. 45 దినముల లెక్క ఆ తేదీ నుండియే మొదలగును. నోటిమాటపై సరకు పంపినవానికి తరువాత తన హక్కును ఋజువు చేయుట కష్టమగును.

పదవ తరగతి ముగించిన బాలబాలికలను పారిశ్రామిక శిక్షణ సంస్థలకు పంపుటకు తలిదండ్రులను ప్రోత్సహింపవలెను. ఫిట్టరు, టర్నరు, వెల్డరు, విద్యుత్ పనివారి శిక్షణలు నౌకా నిర్మాణమునకు మిక్కిలి అవసరము. శిక్షణ పొందినవారు 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద వేతనముతో పని నేర్చుకొనవచ్చును. విశాఖపట్టణములోని నౌకాదళ డాక్‌యార్డునకు ప్రత్యేకముగా అప్రెంటిసు పాఠశాల కలదు. ప్రవేశములు బహిరంగ ప్రకటన ద్వారానే జరుగును గాని, లంచము పుచ్చుకొని ఉద్యోగము ఇప్పింతుమనువారి ద్వారా జరుగవు.

చివరిగా, పంచాయతీ తాను చేయు చిన్న పనులలో ఒక మాట గుర్తుంచుకొనుట మంచిది. మంచి పని చేసిన కంట్రాక్టరునకు బిల్లు సకాలమున చెల్లింపక, తరువాతి టెండరులో తక్కువ ధర కోరుట న్యాయము కాదు. అట్లు కోరినచోట మంచి పనివారు నిలువరు. నాసిరకము పనిని చూచిచూడనట్లు విడుచుటయు న్యాయము కాదు. ఢిల్లీలో వేల కోట్ల కొనుగోలుకైనను, గ్రామములో ఒక గదికైనను వర్తించు నీతి ఒకటే: వస్తువును గట్టిగా పరీక్షింపుడు, గుణము సరిపోయిన పిమ్మట పైకమును ఆలస్యము చేయకుడు.

సముద్రముపై నిలిచిన నౌకను చూచినపుడు పైనెగురు జెండాయే కంటికి కనబడును. లోపల ఎక్కడనో ఒక గొట్టపు కీలులో, ఒక వాల్వు పిడిలో, ఏదో చిన్న షెడ్డులో పనిచేసిన మనుష్యుని శ్రమ దాగియుండును. అతని బిల్లు చెల్లినదా, అతనికి రేపు పని యున్నదా అనునది దేశరక్షణకు సంబంధించిన ప్రశ్నయే. అతడు ఏ గ్రామమువాడో ఆ గ్రామ పంచాయతీయే ముందుగా ఆ ప్రశ్న అడుగదగినది.